పాత డెస్క్‌టాప్ లేవడం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

"స్విచ్ నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. బోర్డు పోయినట్టేనా?" ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అటక మీద నుంచి ఏళ్ల తరవాత దించిన కంప్యూటర్లు ఇవి. అడిగేవారికి కావలసింది చాలాసార్లు యంత్రం కాదు, దాని లోపల ఉన్నది. పెళ్లి ఫొటోలు, తెలుగులో కొట్టించిన శుభలేఖల ఫైళ్లు, నాన్నగారు టైపు చేసిపెట్టుకున్న భూమి కాగితాల నకళ్లు. మన వైపు తెలుగు డీటీపీ చేసే దుకాణాలు తగ్గిపోయాయి కాబట్టి ఆ ఫైళ్లు పోతే మళ్లీ చేయించుకోవడం తేలిక కాదు. అందుకే ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను.

ఇది సుమారుగా 2003 నుంచి 2012 వరకు వచ్చిన యంత్రాల కోసం. అంటే పెంటియం 4, డ్యూయల్ కోర్, కోర్ 2 డ్యుయో, తొలితరం ఐ3 వంటివి.

సిద్ధాంతం ఒక్క పేరాలో చెప్పేస్తాను. కంప్యూటర్ లేవడంలో నాలుగు మెట్లున్నాయి. మొదట కరెంటు సరిగా అందాలి. తరవాత బోర్డు, అంటే మదర్‌బోర్డు, తనను తాను పరీక్షించుకోవాలి. ఆ తరవాత హార్డ్ డిస్క్ కనిపించాలి. చివరగా విండోస్ లేవాలి. మీ యంత్రం ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తెర మీద ఏమీ రాని కంప్యూటర్‌కు విండోస్ మళ్లీ ఎక్కించాలని డబ్బు తీసుకునేవారిని చూశాను. రెండో మెట్టు మీద ఆగిన యంత్రానికి నాలుగో మెట్టు వైద్యం పనిచేయదు.

కావలసినవి

- నక్షత్రపు మొన స్క్రూడ్రైవర్, మెత్తటి కొత్త పెయింటు బ్రష్, పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరు.
- మల్టీమీటరు. మామూలు రకం చాలు. ఇది లేకుండా మొదలుపెట్టవద్దని నా సలహా.
- సీఆర్2032 సెల్లు ఒకటి (బోర్డు మీద ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ), చిన్న గొట్టం థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని పైకి చేరవేసేది), ఒక శాటా కేబుల్ (హార్డ్ డిస్క్‌ను బోర్డుకు కలిపేది).
- మదర్‌బోర్డుకు తగిలించే చిన్న స్పీకరు, అంటే బీప్ శబ్దం ఇచ్చేది. చాలా క్యాబినెట్లలో ఇప్పటికే ఉంటుంది.
- 8 జీబీ పెన్‌డ్రైవు, ఫైళ్లు దాచుకోవడానికి మరో పెద్ద డ్రైవు.
- పనిచేస్తున్న మరో కంప్యూటర్ ఒక్క పూట అరువుకు.

1. ప్లగ్ పెట్టకముందే మూత తీయండి

అందరూ చేసే మొదటి తప్పు, కిందికి దించగానే స్విచ్ వేసి చూడటం. అలా చేయకండి. మన వైపు వానాకాలపు చెమ్మ గోడల్లోనే ఉంటుంది, క్యాబినెట్‌ను వదులుతుందా? లోపల బల్లి గుడ్లు, బొద్దింకలు, ఎలుక కొరికిన వైర్లు ఉండవచ్చు. 2018 అక్టోబరు తిత్లీ తుపాను తరవాత గజపతి జిల్లా ఇళ్ల నుంచి వచ్చిన క్యాబినెట్లలో, పైకి పొడిగా కనిపించినా, ర్యామ్ (మెమరీ పట్టీ) దిగే స్లాట్ల అడుగున సన్నటి ఒండ్రు పొర గట్టిపడి ఉండటం నా కళ్లతో చూశాను. అలాంటి దానికి కరెంటు ఇస్తే బతికున్న బోర్డు కూడా చచ్చిపోతుంది.

పక్క తలుపు తీసి, ఫ్యాను గాలి తగిలేచోట రెండు రోజులు ఉంచండి. తరవాత ఫోనుతో లోపలి వైర్లన్నింటినీ దగ్గర నుంచి నాలుగైదు ఫొటోలు తీసుకోండి. ఏ వైరు ఎక్కడిదో రేపు గుర్తుండదు. దుమ్మును బ్రష్‌తో దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి అతివేగంగా తిరిగితే దాని బేరింగు పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ మాత్రం వద్దు. దాని ప్లాస్టిక్ ముక్కు దగ్గర పుట్టే స్థిర విద్యుత్తు చిప్‌లకు ప్రమాదం.

ఇప్పుడు బోర్డు మీద నిలబడి ఉన్న చిన్న చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లను చూడండి. వాటి నెత్తి పళ్లెంలా చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమరంగు పొక్కు కట్టినా అవి పోయినట్టే. 2000 తరవాత కొన్నేళ్లపాటు తయారైన బోర్డులలో నాసిరకం కెపాసిటర్లు చాలా పడ్డాయి, ఆ కాలపు యంత్రాలకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. రేడియో, టీవీ బాగుచేసే అనుభవజ్ఞుడు వాటిని మార్చగలడు. అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకం అని చెప్పండి.

2. కరెంటు సంగతి తేల్చండి

ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగిన వోల్టేజీలుగా మార్చే పెట్టె) వెనక చిన్న ఎర్ర స్విచ్ ఉంటే అది 230 వైపు ఉందో లేదో చూడండి. పిల్లలు ఆడుతూ 115 వైపు జరిపి ఉంటే, ప్లగ్ పెట్టిన క్షణంలో ఢామ్మని పేలుతుంది.

క్యాబినెట్‌ను తాకితే చేతికి జిల్లుమంటోందా? అది యంత్రం లోపం కాకపోవచ్చు, మీ సాకెట్‌కు ఎర్తు లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి వడపోత కెపాసిటర్ల ద్వారా వచ్చే కొద్దిపాటి కరెంటు పోవడానికి దారి లేక ఇనుప డబ్బా మీద నిలుస్తుంది. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దానికి వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించాకే ముందుకు వెళ్లండి.

తరవాత ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు నుంచి విడదీసి పరీక్షించండి. పెద్ద 20 లేదా 24 పిన్నుల ప్లగ్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. ప్లగ్ గోడ నుంచి తీసి ఉన్నప్పుడే, చిన్న వైరు ముక్కతో ఆ ఆకుపచ్చను ఏదైనా నల్ల వైరుతో కలపండి. పాత సీడీ డ్రైవునొకదాన్ని దానికి తగిలించండి, కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు కరెంటు వాడుకునే పరికరం ఏదీ లేకపోతే సరిగా లేవవు. ఇప్పుడు కరెంటు ఇచ్చి మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ముల్లును నల్ల వైరుకు ఆనించి కొలవండి.

- పసుపు: 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య.
- ఎరుపు: 4.75 నుంచి 5.25 మధ్య.
- నారింజ: 3.14 నుంచి 3.47 మధ్య.
- ఊదా: 5 వోల్టులకు దగ్గరగా. స్విచ్ వేయకపోయినా ఇది ఉండాలి.

ఈ హద్దులు దాటితే ఎస్‌ఎంపీఎస్ మార్చండి. దాని డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రాణం తీయగల విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. పాత గాజుబుడ్డి మానిటర్‌కూ ఇదే హెచ్చరిక.

వోల్టేజీలన్నీ బాగున్నా బోర్డుకు తగిలించాక స్విచ్ నొక్కితే చలనమే లేదా? ముందు స్విచ్‌నే అనుమానించండి. చెమ్మకు తుప్పు పట్టేది మొదట అదే. క్యాబినెట్ ముందు భాగం నుంచి బోర్డుకు వచ్చే సన్నటి వైర్లలో పవర్ స్విచ్‌ది పీకి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. యంత్రం లేస్తే బోర్డు బాగుంది, స్విచ్ పోయింది. రీసెట్ స్విచ్ వైరును తెచ్చి అక్కడ తగిలించుకోండి, పైసా ఖర్చు లేదు. పిన్నుల పేర్లు బోర్డు మీదనే సన్నటి అక్షరాలతో ఉంటాయి. చదవకుండా ఊహించి కలపవద్దు.

3. ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది

అసలు బాధ ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

గుణుపురంలో పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారి కంప్యూటర్ ఇది. ఒక దుకాణంలో "బోర్డు కాలిపోయింది" అని చెప్పేశారట. మూడేళ్లు అలాగే మూల పడేశారు. నేను తలుపు తీసి టార్చి వేసి చూస్తే, ప్రాసెసర్ పక్కన ఉండాల్సిన నాలుగు పిన్నుల చిన్న ప్లగ్, రెండు పసుపు రెండు నల్ల వైర్లది, ఊడి కేబుళ్ల వెనక వేలాడుతోంది. ప్రాసెసర్‌కు కరెంటు అందేది దాని ద్వారానే. అది లేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. కొక్కెం పడేదాకా నొక్కాను, అంతే. "ఏమండీ, మూడేళ్లు ఈ నాలుగు వైర్ల కోసమా!" అని మాస్టారు కుర్చీలో కూర్చుండిపోయారు. పాతికేళ్ల తెలుగు ప్రశ్నపత్రాలు అందులో ఉన్నాయి. అందుకే ముందు ఆ ప్లగ్ చూడండి.

అది సరిగానే ఉంటే ఈ వరుసలో వెళ్లండి. ప్రతిసారీ ఒక్క మార్పే చేసి, స్విచ్ వేసి చూడండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో మీకెప్పటికీ తెలియదు. ప్రతి మార్పుకూ ముందు ప్లగ్ గోడ నుంచి తీసి, స్విచ్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు ఖాళీ చేయండి.

అ) మానిటర్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి అది బాగుందని తేల్చుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకే ఉండాలి, బోర్డుకు కాదు. అనుమానం ఉంటే కార్డు తీసేసి బోర్డు మీది సాకెట్‌తో ప్రయత్నించండి.

ఆ) హార్డ్ డిస్క్, సీడీ డ్రైవు, అదనపు కార్డులు, యూఎస్‌బీ పరికరాలు అన్నీ పీకేయండి. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్, స్పీకరు మాత్రమే మిగలాలి.

ఇ) ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచును తెల్ల రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్దండి. నల్లటి మసి రబ్బరుకు అంటుతుంది, అంచు పసుపుగా మెరుస్తుంది. రబ్బరు పొట్టు దులిపి, స్లాట్‌ను పొడి బ్రష్‌తో శుభ్రం చేసి, రెండు వైపులా కొక్కేలు టక్కుమనే దాకా నొక్కండి. గరుకు కాగితం వాడకండి, ఆ బంగారు పూత లేచిపోతుంది. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటిగా, ఒక్కో స్లాట్‌లో ప్రయత్నించండి. పాత యంత్రాలు ఎక్కువగా లేచేది ఈ మెట్టు దగ్గరే.

ఈ) ఇంకా రాకపోతే, ర్యామ్ మొత్తం తీసేసి స్విచ్ వేయండి. స్పీకరు పొడుగ్గా, ఆగకుండా బీప్ బీప్ అంటోందా? మంచి శకునం. బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నాయి, "నాకు ర్యామ్ లేదు" అని మొరపెట్టుకుంటున్నాయి. అంటే లోపం ర్యామ్‌దో, స్లాట్‌దో. ర్యామ్ లేకపోయినా నోరు మెదపకపోతే బోర్డు, ప్రాసెసర్, సీమాస్ (బోర్డు తన సెట్టింగులను దాచుకునే చోటు) సెట్టింగులలో ఒకటి పాడైనట్టు. బీప్‌ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది. బయోస్ అంటే బోర్డును లేపే ప్రోగ్రాము. అవార్డ్ కంపెనీ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు డిస్‌ప్లే లోపానికి గుర్తు. ఒక్క పొట్టి బీప్ వస్తే చాలా బోర్డులలో అంతా బాగున్నట్టు.

ఉ) గుండ్రటి సెల్లు తీసి కొలవండి. కొత్తది 3 వోల్టులు ఇస్తుంది. 2.7 కంటే తక్కువ చూపితే మార్చండి. ప్లగ్ తీసి, సెల్లు లేకుండా పది నిమిషాలు వదిలేస్తే పాత సెట్టింగులు చెరిగిపోతాయి. దీంతోనే లేచిన బోర్డులు ఎన్నో. కానీ తెర వస్తున్న యంత్రానికి మాత్రం ఇది తొందరపడి చేయకండి, కారణం ఆరో భాగంలో ఉంది.

ఊ) తెర వచ్చి, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆరిపోతోందా? ప్రాసెసర్ మీది పేస్టు ఎండి సుద్దలా అయివుంటుంది. హీట్ సింక్ (ప్రాసెసర్ మీద ఫ్యాను కింద ఉండే లోహపు దిమ్మె) తీసి, పాతది గుడ్డతో తుడిచి, కంది గింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టి బిగించండి. ఏఎండీ యంత్రాల్లో హీట్ సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే ఎత్తండి, లేకపోతే ప్రాసెసర్ దాంతోపాటే ఊడివచ్చి కాళ్లు వంగుతాయి. ఇంటెల్ 775 రకంలో పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. వాటిని వేలితో తాకవద్దు, ఒక్కటి వంగినా బోర్డు పనిచేయకపోవచ్చు.

ర్యామ్ కొనాల్సి వస్తే, బరంపురం, శ్రీకాకుళం, విశాఖలలో ఎక్కడికి వెళ్లినా పాతది చేత్తో పట్టుకెళ్లండి. డీడీఆర్1, 2, 3ల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకటి మరోదాంట్లో దిగదు. బలవంతంగా నొక్కి స్లాట్ పగలగొట్టుకున్నవారున్నారు.

4. హార్డ్ డిస్క్ కనిపిస్తోందా?

తెర మీద అక్షరాలు వచ్చాక డిలీట్ లేదా ఎఫ్2 మీటను వరసగా నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. డిస్క్ పేరు అక్కడ కనిపించాలి. కనిపించకపోతే శాటా కేబుల్ మార్చండి, తరవాత బోర్డు మీది మరో సాకెట్‌లో పెట్టండి. వెడల్పాటి పట్టీ కేబుల్ ఉన్న పాత ఐడీఈ డిస్క్ అయితే వెనక ఉన్న చిన్న జంపర్ (రెండు పిన్నులను కలిపే ముక్క) మాస్టర్ అని రాసిన స్థానంలో ఉండాలి.

"డిస్క్ బూట్ ఫెయిల్యూర్" అని వస్తే, ముందుగా మరిచిపోయిన పెన్‌డ్రైవు, సీడీ ఏమైనా ఉన్నాయేమో చూడండి. తరవాత బూట్ వరసలో హార్డ్ డిస్క్‌ను మొదటికి తెండి.

డిస్క్‌కు చెవి ఆనించి వినండి. లోపల టక్... టక్... అని లయగా కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ స్విచ్ వేసి చూసిన ప్రతిసారీ కొంత సమాచారం పోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న మాట నమ్మకండి, చెమ్మ చేరి మరింత చెడుతుంది. ఫైళ్లు అంత ముఖ్యమైతే సమాచారం వెలికితీసే నిపుణులకు ఇవ్వడం ఒక్కటే దారి.

5. బాగుచేయడానికి ముందు ఫైళ్లు బయటికి తీయండి

ఈ భాగాన్ని దాటవేయవద్దని బతిమాలి చెబుతున్నాను. విండోస్ మరమ్మతులో ఒక్క మీట తప్పు నొక్కితే డిస్క్ మొత్తం చెరిగిపోతుంది.

తేలిక మార్గం: డిస్క్ విప్పి, శాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోండి. అడాప్టర్ దొరక్కపోతే, మరో కంప్యూటర్‌లో రూఫస్ అనే ప్రోగ్రాముతో పెన్‌డ్రైవు మీద లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత వ్యవస్థ) ఎక్కించి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీద నుంచే నడపండి. 1 జీబీ ర్యామ్ యంత్రానికి యాంటీఎక్స్ వంటి తేలికపాటిది, 32 బిట్ల రకం, తీసుకోండి. రూఫస్‌లో డిస్క్ విభజన పద్ధతిగా జీపీటీ కాకుండా ఎంబీఆర్ ఎంచుకోవాలి, ఆ కాలపు బయోస్‌లకు అదే అర్థమవుతుంది.

పెన్‌డ్రైవు నుంచి లేవడం లేదని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. రెండు చిట్కాలు. ముందు వైపు కాకుండా వెనక యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టండి. పాత బయోస్ పెన్‌డ్రైవును చాలాసార్లు యూఎస్‌బీ వరసలో కాక హార్డ్ డిస్కుల జాబితాలోనే చూపిస్తుంది, అక్కడ దాన్ని పైకి జరపండి.

6. విండోస్ లేవకపోతే

"ఎన్‌టీఎల్‌డీఆర్ మిస్సింగ్" వస్తే అది ఎక్స్‌పీ, "బూట్‌ఎంజీఆర్ మిస్సింగ్" వస్తే విస్టా, విండోస్ 7 లేదా తరవాతది. ముందు బూట్ వరస మరోసారి చూసి, తరవాత అదే రకం విండోస్ డిస్క్‌తో మరమ్మతు ఎంపికకు వెళ్లండి. విండోస్ 7లో స్టార్టప్ రిపేర్ ఒక్కసారికి కుదరకపోతే మూడుసార్ల దాకా నడపండి.

నీలి తెర మెరిసి మళ్లీ మొదటికి వస్తుంటే, మొదలయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి, తనంతట తాను రీస్టార్ట్ కావడాన్ని ఆపే ఎంపిక తీసుకోండి. అప్పుడు సంఖ్య చదవగలరు. అది 7బీతో ముగిస్తే, సెల్లు తీసినప్పుడు బయోస్‌లో డిస్క్‌తో మాట్లాడే పద్ధతి (శాటా మోడ్) మారిపోయి ఉండవచ్చు. ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐకి, అది ఉంటే ఐడీఈకి మార్చి చూడండి. చెక్కుచెదరని విండోస్‌ను ఈ ఒక్క కారణంతో చెరిపి మళ్లీ ఎక్కించినవారు ఎందరో. అందుకే సెల్లు తీయడానికి ముందు ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకోమంటాను.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో భద్రతా మద్దతు ముగిసింది. లేచిన యంత్రాన్ని ఆ విండోస్‌తో ఇంటర్నెట్‌కు కలపకండి. నెట్ కావాలంటే లినక్స్ ఎక్కించుకోండి.

7. నిజంగా బాగైందా?

ఒకసారి లేవగానే మూత బిగించవద్దు. ఈ పరీక్షలు చేయండి.

- ప్లగ్ తీసి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే వేయండి. చల్లగా ఉన్నప్పుడు మొదటి నొక్కుకే లేవాలి. రెండు మూడుసార్లు నొక్కాల్సివస్తే ఎస్‌ఎంపీఎస్ లేదా కెపాసిటర్లు బలహీనంగా ఉన్నట్టు.
- అప్పుడే తేదీ, గంట చూడండి. వెనక్కి పోయి ఉంటే సెల్లు సరిగా కూర్చోలేదు.
- ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్‌ను పెన్‌డ్రైవు నుంచి నడిపి కనీసం ఒక పూర్తి ఆవృత్తి కానివ్వండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ ర్యామ్ వాడవద్దు.
- క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో డిస్క్ పరిస్థితి చూడండి. జాగ్రత్త అని పసుపు రంగు చూపితే, దాని మీద కొత్త ఫైళ్లు దాచకండి.
- గంటసేపు ఏదైనా వీడియో నడిపి, హీట్ సింక్ పక్కన చేయి పెట్టి చూడండి. ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఉంటే మార్చండి.

కాపీ చేసిన ఫైళ్లను వేరే కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ తెరిచి చూడాలి, పేర్లు కనిపిస్తే సరిపోదు. పాత శుభలేఖలు, ప్రశ్నపత్రాలు తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం కనిపించవచ్చు. ఫైలు పాడైందని కంగారుపడకండి. అవి యూనికోడ్‌కు (అన్ని కంప్యూటర్లలో తెలుగు ఒకేలా కనిపించేలా చేసే ప్రమాణానికి) ముందు కాలపు ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంటు లేకపోతే అక్షరాలు అలాగే కనిపిస్తాయి. అందుకని పాత డిస్క్‌లో విండోస్ ఫోల్డరు లోపల ఉన్న ఫాంట్స్ ఫోల్డరును కూడా మొత్తంగా కాపీ చేసుకోండి. డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు ప్యారలల్ పోర్టులో (పాత ప్రింటరు సాకెట్‌లో) తగిలించే తాళం, అంటే అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరం, ఉంటే, దాన్ని క్యాబినెట్ వెనక నుంచి పీకి ఎక్కడో పెట్టకుండా, పేరు రాసిన కవరులో వేసి డిస్క్‌తోపాటే దాచండి.